మంగు మూడోసారి వచ్చింది. క్రీము మానితే మంట, రాస్తే తేట. ఏం చేయాలి?

మల్లెపందిరి అడిగారు:

అందరికీ నమస్కారం. మాది కడియం దగ్గర నర్సరీ. మామగారి ఎకరంన్నర, పక్కన కౌలుకు తీసుకున్న రెండెకరాలు. నా వయసు నలభై ఒకటి. ఉదయం ఆరింటికి మొక్కల్లోకి దిగితే, లారీ లోడు ఉన్న రోజు రాత్రి పదింటికి బయటపడతాను. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, "ఎండలో తిరగకండి" అని మాత్రం దయచేసి ఎవరూ రాయకండి. ఆ సలహా ఇచ్చినవాళ్లందరూ నీడలో కూర్చుని ఇచ్చినవాళ్లే.

రెండో కాన్పప్పుడు ఆరో నెలలో మొదలైంది మంగు. ముక్కు మీద, బుగ్గల ఎముకల మీద, పై పెదవి మీద. పై పెదవి మీదిదే నన్ను బాగా ఏడిపించింది, దూరం నుంచి మీసంలా కనబడేది. కాన్పయ్యాక దానంతట అదే పోతుందన్నారు. సగం పోయింది. తరువాతి వేసవికి ఆ సగం కూడా తిరిగొచ్చి కూర్చుంది. అది రెండోసారి.

మూడేళ్ల కిందట రాజమహేంద్రవరంలో చర్మవ్యాధుల డాక్టరు గారికి చూపించుకున్నాను. గది చీకటి చేసి నీలం దీపం కింద ముఖం చూశారు. రాత్రి రాయడానికి ఒక క్రీము, పగటికి సన్‌స్క్రీన్ రాసిచ్చారు. "క్రీము ఎనిమిది వారాలే, తరువాత ఆపేసి నా దగ్గరకు రండి" అని చీటీ మీద గీత గీసి మరీ చెప్పారు. ఆరో వారానికే ముఖం ఎంత తేటపడిందంటే, మా తోటికోడలు ఏ పార్లరుకు వెళుతున్నావని అడిగింది. ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. డాక్టరు గారి దగ్గరకు మళ్లీ వెళ్లలేదు. ఖాళీ ట్యూబు చూపిస్తే మందుల షాపులో ఇంకొకటి ఇచ్చారు. ఆ తరువాత ట్యూబు కూడా చూపించనక్కరలేదు, నన్ను చూడగానే తీసి పెట్టేవారు. అలా రెండేళ్ల పైనే రాశాను. సన్‌స్క్రీన్ మాత్రం రెండో ట్యూబు కొనలేదు. జిడ్డుగా ఉంటుంది, చెమటతో కారి కళ్లలో పడుతుంది. తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను.

ఈ సంక్రాంతికి అక్క వాళ్లింటికి వెళ్లినప్పుడు ట్యూబు మరిచిపోయాను. మూడో రోజుకు ముఖమంతా కారం పూసినట్టు ఎర్రబడింది, మంట, వేడి. అక్క వంట గదిలోకి కూడా రానివ్వలేదు. ఇంటికొచ్చి రాత్రి క్రీము రాస్తే తెల్లారేసరికి చల్లబడింది. అప్పటి నుంచి రెండు రాత్రులు రాయకపోతే చాలు, మంట. దగ్గరగా చూసుకుంటే ముక్కు పక్కన సన్నని ఎర్ర గీతలు, క్రోటన్ ఆకు మీద ఈనెల్లాగా. బుగ్గల మీద నూగు పెరిగింది. అన్నిటికంటే వింత, క్రీము రాస్తుండగానే అంచుల నుంచి మంగు మళ్లీ వస్తోంది, ముందుకంటే ముదురుగా.

పెద్దమ్మాయి ఓణీల వేడుక ఐదు వారాల్లో ఉంది. అప్పటివరకు క్రీము రాసి, వేడుక అయ్యాక మానేస్తే పోదా? అత్తయ్యగారు జాజికాయ అంటున్నారు. మా వారు ఫోటోగ్రాఫరు కంప్యూటర్లో సరిచేస్తాడులే అంటున్నారు. మీరు ఏమంటారు?

అరుగు కబుర్లు:

జాజికాయను పచ్చిపాలతో సానమీద అరగదీసి రోజూ రాత్రి పట్టించండి అండి. మా ఇంట్లో మూడు తరాలుగా ఇదే వైద్యం. మంట పుడితే పని చేస్తున్నట్టు లెక్క.

కూరల వదిన:

అరుగు కబుర్లు గారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఆ చివరి వాక్యం చదివి నాకు ఒళ్లు మండింది. మంట పుడితే పని చేస్తున్నట్టు కాదు, చర్మం ఒరుసుకుపోయినట్టు. మన రంగు చర్మం ఎక్కడ ఒరుసుకుంటే అక్కడ నల్లబడుతుంది. దోమ కుట్టిన చోట గోకితే నెలల తరబడి మచ్చ ఉండదూ? అదే ఇది. మామూలు మంగుకే జాజికాయ వద్దంటాను. ఈవిడ ముఖం ఇప్పుడున్న స్థితిలో పాలమీగడ కూడా ఆలోచించి రాయాలి.

చెల్లీ, నీ కథలో ఊరు మార్చి, నర్సరీ తీసేసి కర్రీ పాయింటు పెడితే అది నా కథే. మాది నిజామాబాద్. నేను రెండేళ్లు కాదు, నాలుగేళ్లు రాశాను. నాకు డాక్టరు కూడా ఇవ్వలేదు, మా వీధిలో ఒకావిడ తను రాసుకుంటున్నది చూపించింది.

నువ్వు అడిగినదానికి సూటిగా జవాబు: వేడుక దాకా రాసి మానేస్తానంటే, వేడుక తరువాత ఏ శ్రావణమాసమో వస్తుంది. నేను మా మరిది పెళ్లి దాకా అనుకున్నాను, తరువాత బతుకమ్మ అన్నాను, తరువాత సంక్రాంతి అన్నాను. ఏడాదిలో వేడుక లేని నెల మన ఇళ్లల్లో ఎప్పుడుంది కనుక?

అలాగని ఈ రాత్రే ట్యూబు విసిరేసి పళ్లు బిగపట్టుకుని కూర్చోకు. నేను ఆ పని చేశాను. పదో రోజుకు కళ్ల కింద వాచి, చీము పొక్కులు లేచి, కొట్టుకు వచ్చినవాళ్లు ఆటలమ్మ సోకిందేమోనని కూర కొనకుండా వెనక్కు వెళ్లారు. తరువాత వెళ్లిన డాక్టరమ్మ నాకు ముందు ఇంకా బలం తక్కువ స్టెరాయిడ్ (ఎరుపు, వాపు అణిచే మందు, మన ట్యూబుల్లో ఉండేది అదే) పూత ఇచ్చి, దాన్ని రోజు మార్చి రోజు చేసి, తరువాత స్టెరాయిడ్ లేని టాక్రోలిమస్ అనే ఆయింట్‌మెంట్‌కు మార్చారు. పొక్కులకు కొన్ని వారాలు మాత్రలు. ముఖానికి సబ్బు మాన్పించారు. చల్లటి నీటిలో ముంచిన మెత్తటి నూలు గుడ్డ, వాసన లేని మాయిశ్చరైజరు, అంతే. అందరికీ ఇదే లెక్క అని కాదు, నీకు ఏది ఎంత అనేది చూసిన డాక్టరే చెప్పాలి. రాసిచ్చిన ఆ డాక్టరు గారి దగ్గరకే సిగ్గుపడకుండా వెళ్లు. తిడితే తిట్టనీ.

నాకు మంట పూర్తిగా ఆగడానికి ఏడు నెలలు పట్టింది. ఎర్ర గీతలు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. నూగు చాలావరకు రాలిపోయింది. మంగు ఉంది. ఎండాకాలం ముదురుతుంది, కార్తీకానికి లేతబడుతుంది. దానితో నాకు ఇప్పుడు పెద్ద గొడవ లేదు.

మందుల కొట్టు:

నేను ఖమ్మం జిల్లాలో మందుల షాపు నడుపుతున్నాను, ఇరవై రెండేళ్లుగా. ఈ చర్చ చదివాక రాయకుండా ఉండలేకపోయాను. ఖాళీ ట్యూబు చూసి ఇంకొకటి తీసి పెట్టే ఆ మనిషిని నేనే అయి ఉండవచ్చు.

మీ ట్యూబు అట్ట మీద చిన్న అక్షరాలు చదవండి. మూడు పేర్లుంటాయి. హైడ్రోక్వినోన్ 2 శాతం, ట్రెటినాయిన్ 0.025 శాతం, మొమెటాసోన్ 0.1 శాతం. కొన్నిటిలో మొమెటాసోన్ బదులు ఫ్లూసినోలోన్ ఉంటుంది. మొదటిది చర్మంలో రంగు తయారయ్యే పనిని అడ్డుకుంటుంది. రెండోది పై పొర త్వరగా రాలి కొత్తది వచ్చేలా చేస్తుంది, ఆ క్రమంలో ఒరిపిడి పుట్టిస్తుంది. ఆ ఒరిపిడి తెలియకుండా ఉండడానికి మూడోది, స్టెరాయిడ్. ఈ మూడింటిని కలిపే పద్ధతి 1975లో అమెరికాలో క్లిగ్మన్, విల్లిస్ అనే ఇద్దరు డాక్టర్లు ప్రకటించినది. మంచి మందే. వారాల లెక్కన, డాక్టరు కనుసన్నల్లో వాడాల్సిన మందు. దాన్ని మనవాళ్లు పౌడరు డబ్బా పక్కన పెట్టుకున్నారు.

ఆరో వారంలో మీరు చూసిన ఆ తేటదనంలో కొంత మచ్చ తగ్గడం వల్ల వచ్చిందే, కొంత స్టెరాయిడ్ రక్తనాళాలను కుంచింపజేయడం వల్ల వచ్చింది. మందు ఆపగానే కుంచుకున్న నాళాలు ఒక్కసారిగా విచ్చుకుంటాయి. అదే మీ అక్కగారి ఇంట్లో జరిగింది. మళ్లీ రాస్తే కుంచుకుంటాయి, మీకు హాయి. ఏళ్ల తరబడి రాస్తే చర్మం పలచబడి ఆ నాళాలే బయటికి కనబడతాయి. మీ క్రోటన్ ఈనెలు అవే. హైడ్రోక్వినోన్‌ను కూడా ఏళ్లకొద్దీ రాస్తే కొందరికి నీలంనలుపు మచ్చలు పడతాయి, అవి మంగుకంటే మొండివి. అంచుల్లో ముదిరిందన్నారు కాబట్టి ఈ సంగతి డాక్టరు గారితో తప్పకుండా చెప్పండి.

2018లో కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ పూత మందులు పద్నాలుగింటిని చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అట్ట మీద ఎర్రగీత అందుకే. ఆ గీత నాకు కనబడదా? కనబడుతుంది. నేను ఇవ్వనంటే ఎదురు షాపులో ఇస్తాడు, మనిషి అటే పోతుంది, ఆవిడతో పాటు ఆవిడ ఇంట్లో వాళ్ల షుగరు మాత్రలూ బీపీ మాత్రలూ అటే పోతాయి. ఇది సమర్థింపు కాదు, జరిగేది చెప్పాను. పోయిన ఏడాది నుంచి నేను ఈ రకం ఇవ్వడం మానేశాను. ఇద్దరు ముగ్గురు అలిగారు.

కుడి బుగ్గ:

మగవాళ్లకూ మంగు వస్తుందండి, ఎవరూ చెప్పరు. నేను విజయవాడ, హైదరాబాద్ మధ్య కారు నడుపుతాను, పదకొండేళ్లుగా. నాకు ఎడమకంటే కుడి బుగ్గ ముదురు. డాక్టరు గారు చూడగానే "డ్రైవరా?" అని అడిగారు. ముందు అద్దం రెండు పొరలది కాబట్టి ఎండలో కంటికి కనబడని యూవీఏ కిరణాలను చాలావరకు ఆపుతుందట, పక్క అద్దం అంతగా ఆపదట. ఏసీ వేసుకుని అద్దాలెత్తి కూర్చుంటే ఎండ తగలట్లేదనుకున్నాను ఇన్నాళ్లూ.

సన్‌స్క్రీన్ రాసుకుంటే మొదట్లో స్టాండులో వాళ్లు పెళ్లికొడుకని పిలిచేవారు. ఇప్పుడు వాళ్లలో ఇద్దరు నా దగ్గర అడిగి రాసుకుంటున్నారు. అక్కా, ధైర్యంగా ఉండండి.

మల్లెపందిరి:

అందరికీ కృతజ్ఞతలు. మందుల కొట్టు గారూ, అట్ట చదివాను. మీరు రాసిన మూడు పేర్లే. మూడేళ్లుగా ప్రతి మొక్క కుండీకి పేరు చీటీ కట్టిన దాన్ని, నా ముఖానికి రాసేదాని చీటీ చదవలేదు.

నిన్న వెళ్లాను. డాక్టరు గారు తిట్టలేదు. పాత చీటీ ఇచ్చాను, తను గీసిన గీత తనే చూసి తలెత్తి నన్ను చూశారు. అంతకంటే తిట్టినా బాగుండేది.

వదినగారు చెప్పినట్టే మెట్లు మెట్లుగా దించుతామన్నారు. మంగు సంగతి ఇప్పుడు ముట్టుకోవద్దు, ముందు మంటలార్పి తరువాత ఇల్లు కట్టుకుందాం అన్నారు. ఎరుపు తగ్గాక అజెలాయిక్ యాసిడ్ అనే క్రీము మొదలుపెడతారట, అది ఎరుపుకూ మంగుకూ రెండింటికీ పనికొస్తుందట, స్టెరాయిడ్ కాదు. ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రల గురించి నేనే అడిగాను, మా పిన్ని కూతురు బెంగళూరులో వాడుతోంది. నెలసరిలో రక్తం ఎక్కువ పోతే ఇచ్చే మాత్రే మంగుకు కూడా తక్కువ మోతాదులో ఇస్తారట. ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిందా అని అడిగారు. మా అమ్మకు కాలి నరంలో గడ్డకట్టి ఆసుపత్రిలో ఉంది ఒకసారి. ఆ మాట వినగానే "మీకు వద్దు" అని కలం మూసేశారు. గర్భం రాకుండా మాత్రలు వాడుతున్నానా అని కూడా అడిగారు. మూడేళ్లుగా వాడుతున్నాను. అవి కూడా మంగును ఎగదోస్తాయట! ఆడవాళ్ల డాక్టరును కలిసి వేరే మార్గం చూసుకోమన్నారు. ఈ ప్రశ్న మూడేళ్ల కిందట కూడా అడిగి ఉంటారా? గుర్తు లేదు.

ఇప్పుడు నాకున్న అసలు చిక్కు సన్‌స్క్రీన్. నేను రోజులో సగం షేడ్ నెట్ (మొక్కలకు నీడకోసం కట్టే వల) కిందే ఉంటాను. చున్నీ కట్టుకుంటాను. అయినా రాయాలా? రాస్తే చెమటకు నిలుస్తుందా?

కూరల వదిన:

చెల్లీ, మీ షేడ్ నెట్ ఎంత శాతానిది? యాభయ్యా? అంటే సగం వెలుగు కిందికి వస్తున్నట్టే కదా. మొక్కకు కావాలనే అంత వదిలారు. మీ ముఖానికి ఆ సగమే ఎక్కువ. చున్నీని ఒకసారి సూర్యుడికి అడ్డంగా ఎత్తి పట్టుకుని చూడు. అవతలి మనిషి కనబడితే ఆ చున్నీ దుమ్ముకు పనికొస్తుంది, ఎండకు కాదు. ఒత్తుగా నేసిన ముదురు రంగు నూలు గుడ్డ, దాని మీద వెడల్పు అంచు టోపీ పెట్టుకో. గుడ్డ పెదవి మీద గట్టిగా రాసుకోకుండా చూసుకో, రాపిడికి కూడా నల్లబడుతుంది. మీసం దగ్గర దారంతో తీయించుకోవడం, వ్యాక్స్ పెట్టించుకోవడం కొన్నాళ్లు ఆపు.

సన్‌స్క్రీన్ ఎంత రాస్తున్నావు? బఠాణీ గింజంతా? ఆవగింజంతా? చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పెట్టి, ఆ మొత్తం ముఖానికీ మెడకూ రాయాలి. రోజుకు రెండు పూతలనుకున్నా, 50 గ్రాముల ట్యూబు మూడు వారాలకు మించి వస్తే పిసినారితనం చేస్తున్నట్టే. నాకు ఖర్చు ఎక్కువే అనిపించింది, లెక్క వేసుకుంటే ఆ నాలుగేళ్ల ట్యూబులకంటే, డాక్టరమ్మ ఫీజులకంటే తక్కువే. చెమట పనిచేసేవాళ్లు రెండు గంటలకోసారి తుడుచుకుని మళ్లీ రాయాలి. తుడవడం అంటే అద్దడం, రుద్దడం కాదు.

ఇంకొకటి. మంగును రెచ్చగొట్టేది యూవీ ఒక్కటే కాదు, కంటికి కనబడే వెలుగు కూడా. తెల్ల సన్‌స్క్రీన్ దాన్ని ఆపదు. మట్టిరంగు వేసినవి దొరుకుతాయి, వాటిలో ఐరన్ ఆక్సైడ్ ఉంటుంది. అంటే మన జేగురు రంగు జాతిదే. అలాగని గడపకు పూసే జేగురు తెచ్చి రాసుకునేరు ఎవరైనా, ఈ చర్చలో జాజికాయవాళ్లు కూడా ఉన్నారు. మట్టిరంగు వల్ల ఇంకో లాభం, మచ్చ ఎలాగూ కొంత కప్పుకుపోతుంది. కళ్లలో పడకుండా కంటి చుట్టూ లిప్‌స్టిక్‌లా ఉండే గట్టి రకం రాస్తాను, అది కారదు.

నా విషయంలో ఎండకంటే పొయ్యే శత్రువు. రెండు పెద్ద బర్నర్ల ముందు ఆరు గంటలు. వేడికి కూడా మంగు ముదురుతుందని డాక్టరమ్మ చెబితే, వేపుళ్లన్నీ తెల్లవారుజామునే ముగించి, మధ్యాహ్నం పులుసులూ పప్పులూ మా ఆయనకు అప్పగించాను. పప్పులో ఉప్పు ఎక్కువైందని ఫిర్యాదులు వస్తున్నాయి. రానీ.

అరుగు కబుర్లు:

వదినగారూ, జాజికాయవాళ్లు అన్నారు, సరే. మా చిన్న కోడలు మీరు రాసినదంతా చదివి, తన సొరుగులో నుంచి ఒక ట్యూబు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ మూడు పేర్లే ఉన్నాయి. ఎన్నాళ్లుగా అంటే చెప్పడం లేదు. బుధవారం తీసుకెళుతున్నాను.

మల్లెపందిరి:

ఐదు వారాలయ్యాక రాస్తున్నాను. ఓణీల వేడుక అయిపోయింది. మీరు అడగకముందే చెబుతాను, ముఖం బాగాలేదు. అంతకు ముందు వారమే మెట్టు దిగాను, మండింది, మూడు రాత్రులు తడిగుడ్డ వేసుకుని ఫ్యాను కింద కూర్చున్నాను. ఒక రాత్రి ఒంటి గంటకు లేచి బీరువా దాకా వెళ్లాను. మా చిన్నది నీళ్లకు లేచి "అమ్మా, ఏం వెతుకుతున్నావు?" అంది. జడ పిన్నులని చెప్పాను.

వేడుకలో మేకప్ వేయనివ్వలేదు, మట్టిరంగు సన్‌స్క్రీన్ మాత్రం రాసుకున్నాను. తోటికోడలు ఈసారి పార్లరు అడగలేదు, "ఏమైంది అక్కా ముఖానికి?" అంది. "మందు మానేశాను" అన్నాను. అంతకంటే చెప్పాలనిపించలేదు. ఫోటోగ్రాఫరు పెళ్లివాళ్లకు చేసినట్టు అందరి ముఖాలూ నున్నగా చేసి పంపాడు. మా అత్తయ్యగారిని కూడా. ఆవిడ తన నుదుటి మీది చిన్నప్పటి దెబ్బ మచ్చ ఏదని అతనికి ఫోన్ చేయించి, మళ్లీ పెట్టించారు.

ఇప్పుడు మంట వారానికి ఒకటి రెండు రోజులే. మంగు స్పష్టంగా ఉంది. అంట్లు కట్టే పని తెల్లవారుజామునకూ సాయంత్రానికీ మార్చాను. పదకొండు నుంచి మూడు వరకు పాక కింద కూర్చుని లెక్కలు రాసుకుంటున్నాను, పాకకు తాటాకు, నెట్ కాదు.

ఒక సందేహం మిగిలింది. ఆ మట్టిరంగు సన్‌స్క్రీన్ జాకెట్టు మెడ అంచుకు పట్టేస్తోంది. లేత రంగువి నాలుగు పాడయ్యాయి. బ్లీచింగు వేసి ఉతికితే ఇంకా తుప్పు రంగు తేలింది. మాది బోరు నీరు. దీనికి ఏం పెట్టాలి?

మందుల కొట్టు:

బ్లీచింగు వేయకండి, దానితో ముదురుతుంది. బోరు నీటిలో ఇనుము ఉంటే సన్‌స్క్రీన్‌లోని కొన్ని రసాయనాలు దానితో కలిసి అలా తుప్పు రంగు తేలతాయి. నీళ్లలో వేయకముందే, పొడి గుడ్డ మీదే, గిన్నెలు తోమే ద్రవం నాలుగు చుక్కలు వేసి మెత్తగా రుద్ది పావుగంట ఉంచండి. జిడ్డు ముందు వదలాలి. తుప్పు మరక మిగిలితే నిమ్మరసం పట్టించి, కాసేపయ్యాక బాగా జాడించి ఉతకండి. ముందు లోపలి అంచున ఒక చుక్క వేసి, రంగు పోతుందేమో చూసుకోండి.

నిమ్మరసం జాకెట్టుకండి. ముఖానికి కాదు.